ఎవరూ చదవమని చెప్పకపోతే చదవలేకపోతున్నాను: ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం

ప్రశ్న: సీఎస్‌ఈ మొదటి సెమిస్టర్ విద్యార్థి, హైదరాబాదు

పెద్దలకు, సీనియర్లకు నమస్కారం. నేను హైదరాబాదు శివార్లలో జేఎన్‌టీయూ అనుబంధ కళాశాల ఒకదానిలో మొదటి సెమిస్టర్ చదువుతున్నాను. మాకు ఆర్22 నిబంధనలు (2022-23 నుంచి చేరినవారికి జేఎన్‌టీయూ పెట్టిన చదువు, పరీక్షల నియమాలు) వర్తిస్తాయి. మాది నల్గొండ జిల్లాలోని ఒక పల్లె. ఇంటర్ ఎంపీసీ రెండేళ్లూ నగరంలోనే ఒక రెసిడెన్షియల్ కార్పొరేట్ కళాశాలలో ఉండి చదివాను. అక్కడ తెల్లవారుజామున ఐదున్నరకు వార్డెన్ తలుపు కొట్టడంతో మొదలైన రోజు రాత్రి పదిన్నరకు చివరి స్టడీ అవర్‌తో ముగిసేది. ఏ పూట ఏ చాప్టర్ చదవాలో, ఏ వారం ఏ పరీక్ష రాయాలో, తప్పు పోయిన లెక్కను ఎన్నిసార్లు తిరిగి చేయాలో కూడా షెడ్యూల్‌లో ముందే రాసి ఇచ్చేవారు. సెల్‌ఫోన్ ఉండేది కాదు. ఆదివారం వరుసలో నిలబడి ఇంటికి కాసేపు మాట్లాడుకునేవాళ్లం. అప్పుడు ఎంత విసుగు పుట్టినా మార్కులు మాత్రం వచ్చాయి. ఇంటర్‌లో వెయ్యికి 958 సాధించాను.

ఇప్పుడు క్లాసులు సాయంత్రం నాలుగింటికి అయిపోతాయి. అక్కడి నుంచి నిద్రపోయే దాకా సమయమంతా నాదే. నలుగురం ఉండే హాస్టల్ గదిలో పుస్తకం తెరిచి కూర్చుంటాను గాని ఏది ముందు చదవాలో తేల్చుకోలేక ఫోన్ అందుకుంటాను, చూస్తుండగానే అర్ధరాత్రి దాటిపోతుంది. పొద్దున మొదటి పీరియడ్‌కు లేవలేకపోతున్నాను. మొదటి మిడ్‌లో (సెమిస్టర్ మధ్యలో కళాశాల పెట్టే పరీక్షలో) మ్యాథ్స్‌కు 30కి 9, ప్రోగ్రామింగ్‌కు 30కి 11 వచ్చాయి. హాజరు 68 శాతానికి పడిపోయింది. ఇంట్లో ఈ విషయమేదీ తెలియదు. మా నాన్నగారు కౌలుకు వ్యవసాయం చేస్తారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పోగా మిగిలిన ఫీజు, హాస్టల్ ఖర్చు ఆయన ఎలా సర్దుతున్నారో నాకు తెలుసు కాబట్టే ఫోన్‌లో చెప్పడానికి నోరు రావడం లేదు.

నేను అడగదలచుకున్నవి ఇవి. స్టడీ అవర్లు పెట్టే ప్రైవేటు హాస్టల్ ఏదైనా వెతుక్కొని అందులోకి మారితే నా చదువు మళ్లీ గాడిన పడుతుందా? లేక ఈ చదువే నాకు సరిపడదనుకొని మానేసి, మా ఊరి దగ్గర డిగ్రీలో చేరడం మంచిదా? ఇలాంటి స్థితిలో ఉండి బయటపడినవారు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా రాయండి.


జవాబు 1: ఈసీఈ నాలుగో సంవత్సరం విద్యార్థిని, వరంగల్

తమ్ముడూ, నేను కూడా అలాంటి రెసిడెన్షియల్ కళాశాల నుంచే వచ్చాను కాబట్టి నీ బాధ నాకు బాగా అర్థమవుతుంది. నువ్వు మానేయాల్సిన అవసరం లేదు. ఆ రెండేళ్లూ నువ్వు కష్టపడి చదివావు, అందులో సందేహం లేదు. అయితే ఏది చదవాలి, ఎంతసేపు చదవాలి, ఎక్కడ ఆపాలి అనే నిర్ణయాలన్నీ ఇతరులు చేసిపెట్టారు. ఆ నిర్ణయం చేసుకోవడం కూడా చదువులో ఒక భాగమే. అది మనకు ఎవరూ నేర్పలేదు, నేర్చుకునే అవకాశమూ ఇవ్వలేదు. ఇప్పుడు నీకు ఎదురవుతున్న ఇబ్బంది దాని వల్ల వచ్చిందే తప్ప నీ తెలివితేటలు తగ్గడం వల్ల కాదు.

స్టడీ అవర్లు పెట్టే హాస్టల్‌కు మారవద్దని గట్టిగా చెబుతాను. అలా మారితే ఈ ఏడాది గడిచిపోవచ్చు గాని, మూడో ఏడాదిలో ఇంటర్న్‌షిప్‌కు వెళ్లినప్పుడో, ఉద్యోగంలో చేరినప్పుడో ఇదే సమస్య మళ్లీ ఎదురవుతుంది. అప్పటికి సరిచేసుకునే వ్యవధి ఇంకా తక్కువగా ఉంటుంది.

నాకు పనిచేసిన పద్ధతి చెబుతాను. సాయంత్రం క్లాసు అయ్యాక ముందు హాస్టల్‌కు వెళ్లడం మానుకున్నాను. గదిలోకి అడుగు పెట్టగానే మంచం, చార్జర్, పక్క గదిలో పాటలు, ఎవరో ఒకరు టీకి రమ్మని పిలవడం, ఇవన్నీ ఒక్కసారే మీద పడతాయి. అందుకని నాలుగింటికి క్లాసు వదలగానే బ్యాగుతో సహా లైబ్రరీ రీడింగ్ రూముకు వెళ్లి, ఆ రోజు క్లాసులో చెప్పినదాన్ని మాత్రమే ఆరింటి దాకా తిరిగి చేసేదాన్ని. కొత్త చాప్టర్ జోలికి, పాత బాకీల జోలికి ఆ సమయంలో వెళ్లేదాన్ని కాదు. ఆరు గంటల తర్వాత చదివినా చదవకపోయినా మనసు తేలికగా ఉండేది. రాత్రి వేళ ఏకబిగిన ఐదు గంటలు చదవాలని పెట్టుకున్న షెడ్యూల్ ఒక్క వారం కూడా నిలబడలేదు గాని, ఈ రెండు గంటలు మాత్రం నాలుగేళ్లు నిలిచాయి.

ఇంకొక మాట. మీ క్లాసులో నీలాగే రెసిడెన్షియల్ నుంచి వచ్చినవారు సగం మంది ఉంటారు. వారిలో చాలామంది ఇదే స్థితిలో ఉండి కూడా పైకి చెప్పరు. ఒక్కరితో నోరు విప్పి చూడు, నీకే తెలుస్తుంది.


జవాబు 2: గణితశాస్త్ర అధ్యాపకుడు, మొదటి సంవత్సరం తరగతులు

బాబూ, నేను చాలా ఏళ్లుగా మొదటి సంవత్సరం పిల్లలకే మ్యాథ్స్ చెబుతున్నాను. మొదటి మిడ్ జవాబు పత్రాలు దిద్దేటప్పుడు ఏటా ఒకే విషయం కనిపిస్తుంది. ఇంటర్‌లో మాట్రిక్స్, డిటర్మినెంట్, ర్యాంక్ చదివి వచ్చినవారు మొదటి రెండు వారాలు క్లాసు వింటూ ఇదంతా మాకు తెలిసిందేననుకుంటారు. ఈలోగా ఎచెలాన్ ఫాం దాటి ఐగన్ విలువలు, కేలీ-హామిల్టన్ సిద్ధాంతం, క్వాడ్రాటిక్ ఫాంల దాకా పాఠం వెళ్లిపోతుంది. తెలిసిన భాగం ఎక్కడ ముగిసిందో, తెలియని భాగం ఎక్కడ మొదలైందో వారు గమనించేసరికి మిడ్ వచ్చేస్తుంది.

రెండో కారణం పరీక్ష తీరు. ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలకు మూడు గంటల్లో జవాబు గుర్తించాలి. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. అక్కడ ఆప్షన్లలోని విలువను సమీకరణంలో వేసి చూసి సరైనదాన్ని పట్టుకోవడం మంచి నైపుణ్యమే. ఇక్కడ సెమిస్టర్ పరీక్షలో ఒక్కో యూనిట్ నుంచి పది మార్కుల ప్రశ్న వస్తుంది, జవాబు ఒక్కటే రాస్తే ఏమీ రాదు. ప్రతి మెట్టులో ఏ రో ఆపరేషన్ చేశావో పక్కన రాయాలి. చివరి జవాబు తప్పినా పద్ధతి సరిగా ఉంటే ఐదారు మార్కులు వేయడానికి మేము సిద్ధంగా ఉంటాం. 958 మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు 30కి 9 దగ్గర ఆగడానికి తరచుగా ఇదే కారణం. నీ జవాబు పత్రం నీకు తిరిగి చూపించి ఉంటారు. దాన్ని తీసుకొని మీ అధ్యాపకుడి దగ్గరకు వెళ్లి, మార్కులు ఎక్కడ పోయాయో మాత్రమే అడుగు. మార్కులు పెంచమని అడిగేవారు మా దగ్గరకు చాలామంది వస్తారు. ఎక్కడ తప్పిందో అడిగేవారు అరుదు. అలా అడిగిన పిల్లవాణ్ణి ఏ అధ్యాపకుడూ చప్పున మరచిపోడు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఆర్22 ప్రకారం ఇంటర్నల్‌కు 40, సెమిస్టర్ పరీక్షకు 60 మార్కులు. ఇంటర్నల్‌లో 14, పరీక్షలో 21, రెండూ కలిపి 40 వస్తే ఆ సబ్జెక్టు పాసైనట్టు. 40 ఇంటర్నల్ మార్కుల్లో 30 రెండు మిడ్‌ల సగటు నుంచి వస్తాయి. మిగిలిన 10 అసైన్‌మెంట్లు, వైవా వంటివాటికి. నీకు మ్యాథ్స్‌లో మొదటి మిడ్‌లో 9 వచ్చాయి. రెండో మిడ్‌లో 21 తెచ్చుకుంటే సగటు 15 అవుతుంది, దానికి అసైన్‌మెంట్, వైవా మార్కులు తోడైతే ఇరవై దాటుతావు. కాబట్టి ఈ సెమిస్టర్ చేయి దాటిపోయిందనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

రెండో మిడ్‌కు ఎలా చదవాలో సబ్జెక్టును బట్టి వేరువేరుగా చూడాలి. మా మ్యాథ్స్ సిలబస్‌లో మొదటి రెండు యూనిట్లు మాట్రిక్స్‌లు, తర్వాతి మూడు కాలిక్యులస్. పార్షియల్ డెరివేటివ్‌లు, జాకోబియన్, డబుల్ ఇంటిగ్రల్స్ అర్థం కావడానికి ఐగన్ విలువలతో పెద్దగా పని లేదు, ఇంటర్‌లో నేర్చుకున్న డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ ఉంటే చాలు. కాబట్టి మాట్రిక్స్ బాకీని సెమిస్టర్ పరీక్షల ముందు సెలవులకు వాయిదా వేసి, ఈ రోజు క్లాసులో చెబుతున్న పాఠాన్ని నేరుగా అందుకో. వెనకబడిన పిల్లలు చాలామంది మొదటి యూనిట్ మొదటి పేజీ నుంచి మొదలుపెడతారు. క్లాసు ముందుకు పోతూనే ఉంటుంది, వీరు ఎప్పటికీ అందుకోలేరు.

ప్రోగ్రామింగ్‌లో మాత్రం ఆ పద్ధతి కుదరదు. అక్కడ లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం) రానివారికి అర్రే (విలువల వరుస) రాదు, అర్రే రానివారికి సార్టింగ్ (విలువలను క్రమంలో పేర్చడం) అసలే రాదు. వెనక్కి వెళ్లక తప్పదు. ల్యాబ్‌లో ప్రోగ్రాం టైపు చేసి అవుట్‌పుట్ వచ్చిందని రికార్డులో ఎక్కించడం వల్ల ఉపయోగం లేదు. తెల్ల కాగితం మీద 7, 3, 9, 1 అని రాసుకో. బబుల్ సార్ట్ అనే పద్ధతిలో మొదటి పాస్, అంటే వరుసను మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూడటం, ఏం చేస్తుందో చేత్తో చేసి చూడు: 7ను 3తో పోల్చి స్థానాలు మారుస్తాం, 7ను 9తో పోల్చి అలాగే ఉంచుతాం, 9ను 1తో పోల్చి మారుస్తాం. అప్పుడు వరుస 3, 7, 1, 9 అవుతుంది. పెద్ద అంకె చివరికి చేరింది కాబట్టి తర్వాతి పాస్‌లో దాన్ని ముట్టుకోనక్కర లేదు. లోపలి లూప్ ఒక్కో పాస్‌కు ఒక్కో అడుగు ఎందుకు తగ్గుతుందో అప్పుడు కంఠస్థం చేయకుండానే తెలుస్తుంది. ఇలా నాలుగు ప్రోగ్రాములు కాగితం మీద నడిపి చూసినవాడు నలభై ప్రోగ్రాములు బట్టీ పట్టినవాడి కంటే మెరుగ్గా రాస్తాడు.


జవాబు 3: మెకానికల్ మూడో సంవత్సరం విద్యార్థి, హైదరాబాదు

పైన అక్క రాసినదానితో నేను పూర్తిగా ఏకీభవించలేను. లైబ్రరీ సలహా మంచిదే, కానీ మా కళాశాలలో లైబ్రరీ సాయంత్రం ఐదింటికే మూసేస్తారు. కళాశాల బస్సు తప్పితే ఊరు చేరడం కష్టమని చాలామంది నాలుగుం పావుకల్లా బస్సులో ఉంటారు. అందరికీ రెండు గంటలు అక్కడ కూర్చునే వీలుండదు. అలాంటప్పుడు పొద్దున క్లాసుకు అరగంట ముందే వచ్చి ఖాళీ గదిలో కూర్చోవడం మేలు; నేను అదే చేశాను.

నా నేపథ్యం నీకు పూర్తిగా భిన్నం. నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివాను. మాకు స్టడీ అవర్లు లేవు, లెక్చరర్ లేని సబ్జెక్టు కూడా ఉండేది. ఎవరూ చెప్పకుండా కూర్చొని చదవడం మాకు అలవాటే గాని, ఇక్కడ బేసిక్ ఎలక్ట్రికల్ క్లాసులో ఇంగ్లీషులో వేగంగా చెబుతుంటే సగం అందేది కాదు. నా గదిలో నీలాంటి కార్పొరేట్ కళాశాల విద్యార్థి ఉండేవాడు. అతనికి పాఠం అర్థమయ్యేది, కానీ కూర్చోబుద్ధి పుట్టేది కాదు. అతను క్లాసులో విన్నదాన్ని రాత్రి నాకు తెలుగులో చెప్పేవాడు, నేను అడుగుతుంటాను కాబట్టి అతనూ కూర్చోక తప్పేది కాదు. ఇద్దరం మొదటి సెమిస్టర్ ఒక్క బ్యాక్‌లాగ్ (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టు) కూడా లేకుండా దాటాం. మీ సెక్షన్‌లో తెలుగు మాధ్యమం నుంచి వచ్చి మొహమాటంతో వెనక బెంచీలో కూర్చునే వాళ్లు తప్పకుండా ఉంటారు. అందులో ఒకరితో జట్టు కట్టు. నువ్వు ఉపకారం చేస్తున్నట్టు కాకుండా, మీ ఇద్దరికీ అవసరమే కాబట్టి కలిసి కూర్చోండి.

డిగ్రీకి మారే ఆలోచన గురించి ఒక్క మాట. డిగ్రీ తక్కువ చదువు కాదు, బీఎస్సీ ఇష్టపడి చదివి పైకి వచ్చినవారు నాకు తెలుసు. అయితే అక్కడ నిన్ను చదవమని చెప్పేవారు ఇక్కడికంటే ఇంకా తక్కువ. నీ సమస్య దానంతట అది అక్కడ తీరిపోదు.


జవాబు 4: ఒక విద్యార్థి తల్లి, ఖమ్మం

బాబూ, చదువు విషయాలు చెప్పేంత చదువు నాకు లేదు, కానీ ఇంట్లో చెప్పలేదని రాశావు కాబట్టి రాస్తున్నాను. మా అబ్బాయి కూడా మొదటి సంవత్సరంలో నెలల తరబడి బాగానే ఉందని చెప్పాడు. ఆ రోజుల్లో అతని గొంతులో తేడా మాకు తెలుస్తూనే ఉండేది. ఏమిటో తెలియక, అడిగితే ఇంకా బాధపడతాడేమోనని భయపడి, వాళ్ల నాన్న రాత్రిళ్లు నిద్రపోయేవారు కాదు. తీరా మార్కులు తగ్గాయని చెప్పినప్పుడు ఆయన ఊపిరి పీల్చుకున్నారు, ఎందుకంటే అంతకంటే చాలా పెద్ద కష్టమేదో వచ్చిందని ఊహించుకున్నారు.

మీ నాన్నగారికి మార్కుల లెక్కలన్నీ చెప్పనవసరం లేదు. మొదటి పరీక్షలో తక్కువ వచ్చాయి, రెండోదానికి ఇలా చదువుతున్నాను, కాస్త కష్టంగా ఉంది అని మాత్రం చెప్పు. ఆదివారం కుదిరితే ఊరికి వెళ్లి, ఎదురుగా కూర్చొని చెప్పు. ఫోన్‌లో చెప్పే మాటకు, పక్కన కూర్చొని చెప్పే మాటకు చాలా తేడా ఉంటుంది. నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతుకు మీద విరక్తి లాంటి ఆలోచన వచ్చినా మాత్రం ఆదివారం దాకా ఆగవద్దు. 14416కు ఫోన్ చేయి. అది మానసిక ఇబ్బందుల్లో ఉన్నవారి కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు, డబ్బు కట్టనక్కర లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.


ప్రశ్న అడిగిన విద్యార్థి

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. అమ్మా, మీరు రాసింది చదివాక నిన్న రాత్రే నాన్నకు ఫోన్ చేశాను. ఆయన ఎక్కువేమీ మాట్లాడలేదు. ఈ శనివారం పత్తి తీయడానికి కూలీలు వస్తున్నారు, వీలైతే నువ్వూ రా, మాట్లాడుకుందాం అన్నారు. వెళ్తున్నాను.

అన్నా, మా సెక్షన్‌లో నారాయణపేట వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఉన్నాడు, ఇంటర్ దాకా తెలుగు మాధ్యమమే. రేపు అడుగుతాను. లైబ్రరీ మా దగ్గర రాత్రి ఏడు వరకు తెరిచే ఉంటుందని ఇవాళే తెలిసింది.

సార్, మీ దగ్గర ఒక సందేహం. హాజరు తగ్గినా పరవాలేదు, 65 దాటితే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి ఫీజు కడితే సరిపోతుందని హాస్టల్‌లో సీనియర్లు చెబుతున్నారు. నాకు 68 ఉంది కాబట్టి ఇప్పుడు హాజరు సంగతి వదిలేసి చదువు మీద దృష్టి పెట్టవచ్చా? అలాగే రెండో మిడ్ తర్వాత కూడా ఒకటి రెండు సబ్జెక్టులు పోతే రెండో సంవత్సరానికి పంపరా?


జవాబు: గణితశాస్త్ర అధ్యాపకుడు

బాబూ, సీనియర్ల మాటలో నిజం కొంతే ఉంది. సెమిస్టర్ పరీక్షలు రాయాలంటే 75 శాతం హాజరు ఉండాలి. 65 నుంచి 75 శాతం మధ్య ఉన్నవారికి సరైన కారణం, దానికి ఆధారం ఉంటే కళాశాల అకడమిక్ కమిటీ మినహాయింపు ఇవ్వవచ్చు. ఇవ్వవచ్చు అన్నాను, ఇచ్చి తీరాలని నిబంధన ఎక్కడా లేదు. పైగా నీకు జబ్బు చేయలేదు. చేయని జబ్బుకు సర్టిఫికెట్ తెమ్మని నేను ఎన్నటికీ చెప్పను. 65 కంటే తగ్గితే ఏ కమిటీ ఏమీ చేయలేదు. డిటెయిన్ అవుతావు, సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు, ఆ సెమిస్టర్ మళ్లీ పెట్టినప్పుడు జూనియర్లతో కలిసి చదవాలి. నీకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కాబట్టి దానికీ 75 శాతం హాజరు చూస్తారని గుర్తుంచుకో.

68 నుంచి 75కు ఎక్కడం అసాధ్యమేమీ కాదు. ఉదాహరణకు ఇప్పటిదాకా 300 పీరియడ్లు జరిగాయనుకుందాం, నువ్వు 204కు వచ్చావు. సెమిస్టర్ ముగిసేలోగా ఇంకా 200 జరిగితే మొత్తం 500, అందులో 75 శాతం అంటే 375. అంటే మిగిలిన 200లో 171కి రావాలి. నీ చేతిలో 29 పీరియడ్లు మాత్రమే మిగులుతాయి, రోజుకు ఆరు పీరియడ్లయితే ఐదు రోజులు కూడా నిండవు. మీ అసలు లెక్క ఆఫీసులో అడిగి తెలుసుకొని ఇలాగే వేసుకో. శనివారం ఊరికి వెళ్లు, తప్పక వెళ్లు, కానీ ఆ రోజు క్లాసులుంటే వాటిని కూడా ఈ లెక్కలో రాసుకో. హాజరును, చదువును వేరువేరుగా చూడవద్దు. పార్షియల్ డెరివేటివ్‌లు క్లాసులో ఒక గంట విన్నవాడికి గదిలో అరగంట సరిపోతుంది. వినని వాడికి మూడు గంటలు పడుతుంది, అప్పటికీ సందేహం మిగులుతుంది.

రెండో ప్రశ్నకు జవాబు: ఆర్22లో మొదటి సంవత్సరం రెండు సెమిస్టర్లకు కలిపి 40 క్రెడిట్లు (సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లు) ఉంటాయి. రెగ్యులర్, సప్లిమెంటరీ పరీక్షలన్నీ లెక్కలోకి తీసుకొని కనీసం 20 వస్తే రెండో సంవత్సరానికి పంపుతారు. కాబట్టి ఒకటి రెండు సబ్జెక్టులు పోయినంత మాత్రాన ఆగిపోవు. అయితే మ్యాథ్స్ మిగుల్చుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను. రెండో సెమిస్టర్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, వెక్టర్ కాలిక్యులస్ ఉంటాయి, అవి ఇప్పుడు చెబుతున్న కాలిక్యులస్ మీదనే నిలబడతాయి. జాకోబియన్‌లో గాని, డబుల్ ఇంటిగ్రల్స్‌లో లిమిట్లు మార్చే దగ్గర గాని ఇబ్బంది వస్తే, నువ్వు చేసిన లెక్కను ఎక్కడ ఆగిపోయావో అక్కడిదాకా ఇక్కడే రాసి పెట్టు. రాత్రి తొమ్మిది తర్వాత నేను చూస్తుంటాను.